అట్టమీద ఆమె ఏం చేస్తోంది?

అమెరికా కామిక్స్ అట్టల మీద సూపర్‌హీరోయిన్లను చూపించే తీరు గురించి పోయిన నెల ఒక పాఠకురాలు అడిగారు. చోటు చాలక నాలుగు మాటల్లో జవాబిచ్చాను. ఆ గొడవ నిజమైనదేనని, దాన్ని తీసిపారేయొద్దని మాత్రం రాయగలిగాను. తర్వాత వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని మీదే. కొన్ని కోపంగా, కొన్ని బాధగా, కొన్ని నిజంగా తెలుసుకోవాలని రాసినవి. నేను ముప్ఫై ఏళ్లుగా కథలకు, పుస్తకాలకు బొమ్మలు వేస్తున్నాను. అట్ట వేయడమంటే ఏమిటో నా చేతికి తెలుసు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ ఉత్తరాలకే.

ప్రశ్న: మేడమ్, మా అమ్మాయికి పన్నెండేళ్లు. సూపర్‌హీరోలంటే ప్రాణం. స్పైడర్‌వుమన్ పుస్తకం కావాలంటే వెతుకుతుంటే 2014 నాటి ఒక అట్టబొమ్మ, దాని మీద పెద్ద రగడ కనిపించాయి. నాకు తప్పేమిటో అర్థం కాలేదు. ఆమె మెడ నుంచి పాదాల దాకా సూటు వేసుకునే ఉంది. స్పైడర్‌మాన్ కూడా అలా వంగి పాకుతాడు కదా! కానీ ఎందుకో ఆ బొమ్మ మా అమ్మాయికి చూపించబుద్ధి కాలేదు. — ఒక తండ్రి

జవాబు: మీ ఉత్తరంలో చివరి వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. కారణం తెలియకముందే మీ కన్ను పట్టేసింది. మీరు ఆ కారణాన్ని బట్టల్లో వెతికారు. అది అక్కడ లేదు కాబట్టి దొరకలేదు.

ముందు జరిగింది చెబుతాను. 2014 జులైలో మార్వెల్ సంస్థ స్పైడర్‌వుమన్ కొత్త సిరీస్ ప్రకటించింది. థోర్ పాత్రలోకి ఒక స్త్రీ రాబోతోందని చెప్పింది కూడా ఆ నెలలోనే. ఆడవాళ్లు కూడా మా పాఠకులేనని సంస్థ గట్టిగా చెప్పుకుంటున్న రోజులవి. ఆగస్టులో, ఆ సిరీస్ మొదటి సంచికకు మామూలు అట్టతోపాటు వచ్చే ఇంకో అట్ట, వాళ్ల మాటలో వేరియంట్ కవర్, బయటపెట్టారు. వేసినది మిలో మనారా. 1945లో పుట్టిన ఇటలీ చిత్రకారుడు. శృంగార కామిక్స్‌లో ప్రపంచమంతా తెలిసిన పేరు. ఆ బొమ్మలో జెస్సికా డ్రూ, అంటే మన స్పైడర్‌వుమన్, ఒక భవనం అంచు మీదికి పాకి వస్తోంది. ఛాతీ నేలకు దగ్గరగా, పిరుదులు పైకి ఎత్తి ఉన్నాయి. ఎర్రటి సూటుకు మడత లేదు, కుట్టు లేదు. ఒంటికి పూసిన రంగులా ఉంది.

మనారాకు గీయడం రాదని ఎవరూ అనలేరు. ఆయన గీత చూసి నేర్చుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. విమర్శ వచ్చినప్పుడు ఆయన, సూపర్‌హీరోల దుస్తులన్నీ నగ్న శరీరం మీద వేసిన రంగులాంటివే కదా అన్నారు. ఆ మాటలో నిజముంది. మగ హీరోలను కూడా ముందు నగ్నంగా గీసి, కండరాల మీద నాలుగు గీతలు లాగి, రంగు వేయడం ఆ రంగంలో ఉన్న పద్ధతే. కాబట్టి బట్ట ఎంత ఉందన్న లెక్కతో ఈ వాదన తేలదు.

ఇప్పుడు స్పైడర్‌మాన్ దగ్గరికి వద్దాం. అతను వంగి కూర్చున్న ఏ మంచి బొమ్మనైనా తీసుకోండి. మోకాళ్లు బయటికి, చేతివేళ్లు గోడను పట్టుకుని, తల ఎటో తిరిగి ఉంటుంది. మరుక్షణం ఎటు దూకుతాడో చెప్పేయవచ్చు. ఒళ్లంతా నొక్కిపెట్టిన స్ప్రింగులా ఉంటుంది. మనారా బొమ్మ దగ్గర అదే ప్రశ్న వేయండి. మరుక్షణం ఆమె ఏం చేస్తుంది? ఎవరి మీదికి దూకుతుంది? ఆ బొమ్మలో దానికి జవాబు లేదు. ఆ భంగిమలో ఆమెకు చేయాల్సిన పనేమీ లేదు, మనం చూడటానికి అలా ఉంచారు. మీ కన్ను పట్టింది అదే. మీ అమ్మాయి "నేనూ ఇలా అవుతాను" అనుకుని ప్రేమించే మనిషి, ఆ అట్ట మీద ఇంకెవరి కోసమో ఉంది.

అప్పటి మార్వెల్ ఎడిటర్ ఇన్ చీఫ్ ఆక్సెల్ అలోన్సో, ఒకవైపు ఒక మాట చెబుతూ ఇంకోవైపు ఇలాంటి బొమ్మ ఇవ్వడం వల్ల కలిగిన గందరగోళానికి క్షమాపణ చెప్పారు. ఇది సేకరించేవాళ్ల కోసం పరిమితంగా వేసిన అట్ట అని కూడా అన్నారు. దాంతో కథ ముగియలేదు. 2015 మార్చి నాటికి జెస్సికా సూటే మారిపోయింది. క్రిస్ ఆంకా రూపొందించిన కొత్త దుస్తుల్లో జాకెట్, ప్యాంటు, కళ్లద్దాలు వచ్చాయి. మోటార్‌సైకిల్ నడిపే మనిషి వేసుకునేలాంటివి. అదే ఏడాది నవంబరులో సిరీస్‌ను మళ్లీ ఒకటో నంబరుతో మొదలుపెట్టినప్పుడు, హావియెర్ రోడ్రిగెజ్ వేసిన అట్ట మీద జెస్సికా నిండు గర్భిణి. జాకెట్‌లోంచి పొట్ట ముందుకొచ్చి, నిబ్బరంగా ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. ఏడాదిలో అదే పాత్ర, అదే సంస్థ. రచయిత కూడా అదే డెన్నిస్ హోప్‌లెస్.

మీ అమ్మాయికి కమలా ఖాన్ అనే టీనేజీ సూపర్‌హీరోయిన్ కథలతో మొదలుపెట్టమంటాను. మిస్ మార్వెల్ పేరుతో 2014 ఫిబ్రవరిలో మొదలైన సిరీస్. జి. విల్లో విల్సన్ రాశారు. మొదటి సంచికకు సారా పికెల్లి వేసిన అట్ట చూడండి. కమలా ముఖం సగమే కనిపిస్తుంది. టీషర్టు మీద మెరుపు గుర్తు, మెడలో స్కార్ఫ్, చంకలో పుస్తకాలు, బిగించిన పిడికిలి. ఆ సంచిక మళ్లీ మళ్లీ అచ్చయింది. ఆ పుస్తకానికి 2015లో, సైన్స్ ఫిక్షన్ రచనలకు ఇచ్చే హ్యూగో అవార్డు కూడా వచ్చింది.

ప్రశ్న: మగ హీరోలు మాత్రం మామూలుగా ఉంటారా? కొండల్లాంటి భుజాలు, ఇటుకలు పేర్చినట్టు పొట్ట! దాని మీద ఎవరూ గొడవ చేయరెందుకు? — ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: బాబూ, ఆ భుజాలు కూడా అసాధ్యమే, ఒప్పుకుంటాను. వాటిని చూసి తమ ఒంటిని అసహ్యించుకునే మగపిల్లలు ఉన్నారు. అది నిజమైన బాధ. దాని గురించి విడిగా రాయండి, విడిగా మాట్లాడుకుందాం.

కానీ ఆ భుజాలు ఎవరి కోరిక? "నాకూ అంత బలముంటే" అని కలగనే అబ్బాయి కోరిక. ఆ కండలతో అతను కారును ఎత్తుతాడు, గోడ పగలగొడతాడు. అతిశయం అంతా అతను చేసే పని కోసం. హీరోయిన్ల విషయంలో అతిశయం చాలాసార్లు పనికి అడ్డం వస్తుంది. ఆ నడుముతో, ఆ మడమలతో ఆమె పరిగెత్తలేదు.

దీన్ని వాదనతో ఒప్పించడం కష్టమని కొందరు చిత్రకారులు 2012 చివర్లో ఒక పని చేశారు. అట్టల మీద హీరోయిన్లను నిలబెట్టే భంగిమలు తీసుకుని, అచ్చంగా అవే భంగిమల్లో హాకై అనే మగ హీరోను గీయడం మొదలుపెట్టారు. హాకై అంటే విల్లు పట్టే ఎవెంజర్. నడుం తిప్పి, వీపు విల్లులా వంచి, పెదవులు కాస్త తెరిచి, విల్లు ఎక్కడో పక్కన. దానికి హాకై ఇనిషియేటివ్ అని పేరు. వందల బొమ్మలు వచ్చాయి. ఏ ఒక్కదాంట్లోనూ అతను బాణం వేయగలిగేలా లేడు. మీరు ఒక్కటి గీసి చూడండి. గీయడం రాకపోయినా పరవాలేదు, అద్దం ముందు నిలబడి ఆ భంగిమ పెట్టి చూడండి. వెన్ను చెబుతుంది.

ప్రశ్న: అమ్మా, నేను ఫైన్ ఆర్ట్స్ రెండో సంవత్సరం. నాకు సూపర్‌హీరోయిన్లను గీయడం ఇష్టం. అందంగా గీయాలనీ ఉంది. ఇవన్నీ చదివాక పెన్సిల్ పట్టుకుంటే టెన్షన్‌గా ఉంది. ఏది తప్పో ఏది కాదో ఎలా తెలుస్తుంది? — ఒక విద్యార్థిని

జవాబు: తల్లీ, ముందుగా ఒక మాట. అందంగా గీయి. ఒళ్లు అందమైనది. కోరిక కూడా బొమ్మకు తగని విషయమేమీ కాదు. భయంతో గీసిన గీత బిగుసుకుపోతుంది, దాన్ని దాచలేం.

నేను పాటించేది చెబుతాను, నీకు పనికొస్తే తీసుకో. బొమ్మ మొదలుపెట్టే ముందు ఒకే ఒక్క క్రియ రాసుకుంటాను. దూకుతోంది. ఆపుతోంది. వింటోంది. అలిసిపోయింది. ఆ క్రియ లేకుండా భంగిమ మొదలుపెట్టను. "అందంగా నిలబడింది" అని రాయాల్సి వస్తే, కథ మళ్లీ చదువుతాను. ఎందుకంటే ఏ మనిషీ అందంగా నిలబడటం కోసం పుట్టదు. నిలబడి ఏదో చేస్తూ ఉంటుంది, మనకు అందంగా కనిపిస్తుంది.

తర్వాత బరువు. నిలబడి ఉన్న మనిషి గొంతు గుంట నుంచి కిందికి ఒక నిట్టనిలువు గీత గీయి. ఆ గీత రెండు పాదాల మధ్యో, బరువు మోస్తున్న పాదం మీదో పడాలి. బయట పడితే ఆ మనిషి పడిపోతోందని అర్థం, లేదా పరిగెత్తుతోందని. రెండూ కాకుండా గీత బయట పడిందంటే నువ్వు ఆమెను గాలిలో వేలాడదీశావు. అమెరికన్ అట్టల్లో జనం ఎగతాళి చేసే ఒక భంగిమ ఉంది. ఛాతీ, పిరుదులు రెండూ ఒకేసారి చూసేవాడి వైపు తిరిగి ఉంటాయి. అలా తిరగాలంటే నడుం దగ్గర వెన్నెముక విరగాలి. అస్థిపంజరం బొమ్మ పక్కన పెట్టుకుని ఒకసారి ప్రయత్నించు. పక్కటెముకల గూడు, కటి ఎముక రెండు పెట్టెలు అనుకో. వాటి మధ్య తిరగగలిగినంతే తిప్పు.

తర్వాత బట్ట. ఎంత బిగుతు బట్టయినా రెండు రొమ్ముల మధ్య లోయలోకి దిగి అంటుకోదు. ఒక ఎత్తు నుంచి ఇంకో ఎత్తుకు వంతెనలా సాగుతుంది. చంక దగ్గర, మోచేతి లోపల, తొడ పైన మడతలు పడతాయి. మడత గీస్తే ఒళ్లు బట్ట లోపల ఉందని తెలుస్తుంది, ఆమె ఆ బట్ట తానే వేసుకుందని తెలుస్తుంది. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ నా మట్టుకు సగం మర్యాద ఆ మడతల్లోనే ఉంది.

చివరగా, మనం ఎక్కడ నిలబడి చూస్తున్నాం? మోకాలి ఎత్తు నుంచి పైకి చూస్తే ఆమె శిఖరంలా ఉంటుంది. అదే ఎత్తులో వెనక నుంచి చూస్తే ఇంకోలా ఉంటుంది. ఆ చోటును ఎంచుకున్నది నువ్వు. ఆమె ఎంచుకోలేదు. అది గుర్తుంటే చాలు.

2014 చివర్లో బ్యాబ్స్ టార్ గీసిన బ్యాట్‌గర్ల్ సంచికలు దొరికితే చూడు. తోలు జాకెట్, పసుపు రంగు బూట్లు, బటన్లతో తీసి పెట్టుకోగలిగే కేప్. అమ్మాయి చాలా అందంగా ఉంటుంది. ఆ బూట్లు వేసుకుని పరిగెత్తగలదు కూడా.

ప్రశ్న: బ్యాట్‌గర్ల్ పేరెత్తారు కాబట్టి అడుగుతున్నాను. 2015లో విలన్ జోకర్‌తో ఉన్న ఆమె అట్టను జనం గోల చేసి ఆపించారు. నాకు ఆ బొమ్మ గొప్పగా అనిపించింది. నచ్చనివాళ్లు కొనకుండా ఉంటే పోయేదానికి, వేయొద్దనడం సెన్సార్‌షిప్ కాదా? ఇలాగే వదిలేస్తే రేపు ప్రతి బొమ్మకూ అనుమతి కావాలంటారు. — కామిక్స్ సేకరించే పాఠకుడు

జవాబు: మీ భయానికి చరిత్రలో ఆధారం ఉంది, అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోను.

1954లో న్యూయార్క్‌లో అమెరికా సెనేట్ ఉపసంఘం కామిక్స్ మీద విచారణ జరిపింది. పిల్లలు చెడిపోవడానికి కామిక్సే కారణమని ఫ్రెడ్రిక్ వెర్తమ్ అనే మనోవైద్యుడు అదే ఏడాది పుస్తకం రాశారు. అందులో ఆయన ఎత్తిచూపిన అట్టల్లో ఒకటి ఫాంటమ్ లేడీ 17వ సంచిక, 1948 ఏప్రిల్‌ది. ఆమె ఒంటికి తాళ్లు, తక్కువ బట్టలు. గీసినది మ్యాట్ బేకర్. ఆ రోజుల్లో ఆ రంగంలో పేరు తెచ్చుకున్న అతి కొద్దిమంది నల్లజాతి చిత్రకారుల్లో ఒకరు. 1954 అక్టోబరులో ప్రచురణకర్తలు తమకు తామే ఒక నియమావళి పెట్టుకున్నారు, కామిక్స్ కోడ్. స్త్రీలను శరీర భాగాలు పెద్దవి చేయకుండా వాస్తవంగా గీయాలని అందులో ఒక నియమం.

వినడానికి ఆ నియమం బాగానే ఉంది. కానీ అదే నియమావళి విడాకుల నుంచి భయానక కథల దాకా అన్నిటికీ పగ్గాలు వేసింది. ఆ కోడ్ ఆమోదముద్ర లేని పుస్తకాన్ని పంపిణీదారులు ముట్టుకునేవారు కాదు. ఎన్నో సంస్థలు మూతపడ్డాయి, ఎంతోమంది చిత్రకారులు ఆ పని వదిలేశారు. మార్వెల్ 2001లో, దాని పోటీ సంస్థ డీసీ 2011లో దాన్ని వదిలించుకున్నాయి. హీరోయిన్లకు దానివల్ల ఒరిగిందేమిటి? ఒళ్లు కప్పారు, బుర్ర కూడా కప్పారు. కాబట్టి పైనుంచి వచ్చే నియమం అంటే నాకూ భయమే.

ఇప్పుడు 2015 చూద్దాం. ఆ జూన్ సంచికల కోసం డీసీ సంస్థ జోకర్ పేరుతో చాలా సిరీస్‌లకు ప్రత్యేక అట్టలు వేయించింది. ఈ అట్ట మార్చిలోనే బయటికొచ్చింది. బ్యాట్‌గర్ల్ 41వ సంచికకు రఫాయెల్ అల్బుకెర్కీ వేశారు. జోకర్ ఆమె భుజం మీద చేయి వేసి, తుపాకీ వేలాడదీసి, ఇంకో చేతి వేలితో ఆమె ముఖం మీద ఎర్రగా నవ్వు గీస్తున్నాడు. ఆమె కళ్లలో నీళ్లు, భయం. 1988లో వచ్చిన ఒక కథలో జోకర్ బార్బరా గోర్డన్‌ను కాల్చి, బట్టలు తీసి ఫొటోలు తీస్తాడు. ఆమె నడవలేని స్థితికి వస్తుంది. బార్బరానే బ్యాట్‌గర్ల్. ఈ అట్ట ఆ కథను గుర్తుచేస్తూ వేసినది.

మీకు గొప్పగా అనిపించిందన్నారు. బొమ్మగా గొప్పదే. భయానక కథ మీద ఉంటే నేను చాలాసేపు చూసేదాన్ని. కానీ అది ఎక్కిన పుస్తకం ఏమిటి? అప్పటికి నాలుగైదు నెలలుగా పసుపు బూట్లతో, కొత్త స్నేహితులతో, చదువుతో, కొత్త పాఠకురాళ్లతో నడుస్తున్న సిరీస్. ఆ అట్ట తమకు చూపించనే లేదని, తాము చేస్తున్న పనికి అది పూర్తిగా విరుద్ధమని ఆ సిరీస్ తయారుచేస్తున్నవాళ్లలో ఒకరైన కామెరాన్ స్టీవర్ట్ బహిరంగంగా చెప్పారు. ఇంటివాళ్లను అడక్కుండా గుమ్మం మీద ఇంకెవరిదో బొమ్మ తగిలించినట్టు అయింది.

దాన్ని ఆపింది ప్రభుత్వం కాదు, కోడ్ కాదు. చిత్రకారుడే. ఎవరినీ బాధపెట్టాలని తాను వేయలేదని, అట్టను వెనక్కి తీసుకోమని తానే సంస్థను కోరానని అల్బుకెర్కీ ప్రకటించారు. సంస్థ ఒప్పుకుంది. పాఠకులు అరిచారు, నిజమే. పాఠకులు అరవకూడదా? "నచ్చకపోతే కొనొద్దు" అన్నది ఒక రకం మాటే, "నచ్చలేదు" అని చెప్పడం ఇంకో రకం మాట. రెండూ పాఠకుడి హక్కే. చిత్రకారుడు వింటాడా లేదా అన్నది అతని హక్కు. ఈయన విన్నారు. నేనైతే వినేదాన్నా అని చాలాసార్లు ఆలోచించాను. వినేదాన్నే అనుకుంటాను.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. ఆ గొడవలో బెదిరింపులు వెళ్లింది అట్టను వ్యతిరేకించినవాళ్లకే. అంతకు ఏడాది ముందు, 2014 ఏప్రిల్‌లో, టీన్ టైటన్స్ మొదటి సంచిక అట్ట మీద వండర్ గర్ల్‌ను గీసిన తీరును జానెల్ ఆసెలిన్ విమర్శించారు. ఆమె ఒకప్పుడు డీసీలోనే ఎడిటర్. టీనేజీ పిల్లకు అలాంటి ఛాతీ ఏమిటని అడిగారు. ఒక అట్ట గురించి వృత్తిపరమైన సమీక్ష, అంతే. దానికి ఆమెను రేప్ చేస్తామని బెదిరించారు. మాట్లాడే స్వేచ్ఛ గురించి బెంగ ఉన్నవాళ్లు ముందు ఆమె కోసం బెంగపడాలి.

ప్రశ్న: ఇంత తిట్లు పడుతుంటే అలాంటి అట్టలు ఎందుకు వేయిస్తారు? — గృహిణి

జవాబు: వాళ్ల అమ్మకం పద్ధతిలో ఉంది ఆ చిక్కు. అక్కడ నెలనెలా వచ్చే కామిక్స్ సంచికలు ఎక్కువగా ప్రత్యేక దుకాణాల్లో అమ్ముడవుతాయి. దుకాణదారుడు రెండు మూడు నెలల ముందే కేటలాగు చూసి ఆర్డరు పెట్టాలి. మిగిలిపోతే మామూలుగా వెనక్కి తీసుకోరు, నష్టం అతనిదే. కథ ఎలా ఉంటుందో అప్పటికి ఎవరికీ తెలియదు. అతనికి కనిపించేది అట్ట, రెండు మూడు వాక్యాలు. దానికి తోడు వేరియంట్ ఆశ. ఇరవై అయిదో యాభయ్యో కాపీలు ఆర్డరు పెడితే ఒక అరుదైన అట్ట ఉన్న కాపీ ఇస్తామంటారు. ఆ ఒక్కటి సేకరించేవాళ్లు ఎక్కువ ధరకు కొంటారు. ఈ వేరియంట్లు 1986లో సూపర్‌మాన్ కొత్త సిరీస్‌తో మొదలయ్యాయి, ఇప్పుడు లేని నెల లేదు.

ఈ లెక్కలో కొత్తగా వచ్చే పన్నెండేళ్ల అమ్మాయి ఎక్కడా లేదమ్మా. ఎప్పటినుంచో కొంటున్న పెద్దవాళ్ల రుచి ఏమిటో ఊహించి అట్ట వేయిస్తారు. లోపల కథ అమ్మాయిని పిలుస్తుంటుంది, బయట అట్ట ఆమెను గుమ్మం దగ్గరే ఆపేస్తుంది.

ప్రశ్న: ఐరన్‌మాన్ సిరీస్‌లో రిరీ విలియమ్స్ అట్ట మీద కూడా వివాదం వచ్చిందని విన్నాను. అదేమిటి? — ఇంటర్ విద్యార్థిని

జవాబు: 2016 అక్టోబరు. రిరీ పదిహేనేళ్ల నల్లజాతి అమ్మాయి. ఎంఐటీలో చదువుతూ తన కవచం తానే తయారుచేసుకున్న మేధావి. జె. స్కాట్ క్యాంప్‌బెల్ వేసిన ఒక వేరియంట్ అట్టలో ఆమె పొట్ట కనిపించే పొట్టి చొక్కా, నడుం కిందికి దిగిన బిగుతు ప్యాంటు, పెద్ద ఆడమనిషిలాంటి ఒళ్లుతో నిలబడి ఉంది. విమర్శ రాగానే వెనక్కి తీసుకున్నారు. దీని మీద ఎక్కువ రాయాలనిపించడం లేదు. పదిహేనేళ్ల పిల్ల. గీసే ముందు ఎవరో ఒకరు వయసు గుర్తుచేసి ఉండాల్సింది.

ప్రశ్న: వండర్ వుమన్‌ను ఐక్యరాజ్యసమితి గౌరవ రాయబారిగా పెట్టి మళ్లీ తీసేసిందట. ఆమె స్త్రీల ఉద్యమానికి గుర్తు కదా! స్త్రీలే ఆమెను ఎందుకు వద్దన్నారు? — రిటైర్డ్ ఉపాధ్యాయురాలు

జవాబు: టీచర్ గారూ, ఈ ప్రశ్న దగ్గర నా మనసు కూడా రెండుగా చీలుతుంది. ఆమె 1941లో పుట్టింది. సృష్టించినవాడు విలియమ్ మౌల్టన్ మార్స్టన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, గీసినవాడు హెచ్. జి. పీటర్. 1972లో మిస్ అనే స్త్రీవాద పత్రిక తన జులై సంచిక అట్ట మీద ఆమెనే వేసింది, అధ్యక్ష పదవికి వండర్ వుమన్ అనే మాటతో. ఆ అట్ట మీద ఆమె ఊరంత పెద్దగా, వీధుల మీద అడుగులు వేస్తూ నడుస్తుంటుంది. అదే దుస్తులు, అవే బట్టలేని కాళ్లు. అయినా ఒక తరం స్త్రీలు ఆ బొమ్మను గుండెలకు హత్తుకున్నారు. ఆమె నడుస్తోంది కాబట్టి.

2016 అక్టోబరు 21న, ఆమెకు 75 ఏళ్లు నిండిన సందర్భంగా సమితి ఆ గౌరవం ఇచ్చింది. సమితి ఉద్యోగులే కొందరు సభలో లేచి వెనక్కి తిరిగి నిలబడ్డారు. సుమారు 45 వేల మంది వద్దని సంతకాలు పెట్టారు. డిసెంబరు మధ్యలో ఆ నియామకం ముగిసింది. వాళ్ల అభ్యంతరం సగం ఆమె ఒంటి కొలతల మీద, అమెరికా జెండా గుర్తున్న దుస్తుల మీద. మిగతా సగం నాకు ఎక్కువ న్యాయంగా అనిపిస్తుంది. ఆ ఏడాది ప్రధాన కార్యదర్శి పదవికి ఎంతోమంది సమర్థులైన స్త్రీలు పోటీపడ్డారు. ఒక్కరినీ ఎన్నుకోలేదు. ఆ ఎన్నిక జరిగిన అక్టోబరులోనే కాగితం మీది స్త్రీకి గౌరవం ఇస్తే మనసు రగలదా? ఆ కోపం వండర్ వుమన్ మీద పడింది, పాపం. ఆమె తప్పు అందులో తక్కువ.

ప్రశ్న: అమెరికా వాళ్ల గురించి ఇంత చెబుతున్నారు. మీరెప్పుడూ అలాంటి బొమ్మ వేయలేదా? — పేరు రాయని పాఠకురాలు

జవాబు: వేశాను.

పనిలోకి వచ్చిన కొత్తలో ఒక వారపత్రిక సీరియల్‌కు బొమ్మలు వేసేదాన్ని. కథానాయిక డాక్టరు. అర్ధరాత్రి ఆపరేషన్ ముగించి, బిడ్డ బతికాక, ఆస్పత్రి వెనక మెట్ల మీద ఒంటరిగా కూర్చునే ఘట్టం. చెప్పులు విడిచి పక్కన పెట్టి, మోకాళ్ల మీద మోచేతులు ఆనించి, తల వాల్చి కూర్చున్నట్టు గీశాను. రెండు రోజులు పట్టింది. ఆ పాదాలు నాకు చాలా బాగా కుదిరాయి. బొమ్మ తిరిగొచ్చింది. అమ్మాయి అందంగా లేదు, నిలబెట్టండి, నడుం కనిపించాలి అన్నారు. సాయంత్రంలోపు కావాలన్నారు.

మార్చాను. వాదించలేదు. నిలబెట్టాను, నడుం తిప్పాను, పైట జార్చాను. గంటన్నరలో అయిపోయింది, ఎందుకంటే ఆ భంగిమకు ఆలోచన అక్కర్లేదు, చెయ్యి దానంతటదే గీసేస్తుంది. అది అచ్చయింది. రెండు వారాల తర్వాత ఆ రచయిత్రి ఫోన్ చేశారు. కోప్పడలేదు. "మా డాక్టరమ్మ ఎక్కడికి పోయిందమ్మా?" అని అడిగారు. నేను మాట్లాడలేకపోయాను. ఆ నవల పుస్తకంగా వచ్చినప్పుడు అట్ట వేరేవాళ్లతో వేయించుకున్నారు.

మెట్ల మీద కూర్చున్న బొమ్మ నా దగ్గరే ఉండిపోయింది, అంచులు పసుపెక్కాయి. పోయినేడాది ఆవిడ చిరునామా కనుక్కుని పంపాను. అందిందని ఒక కార్డు వచ్చింది. పాదాలు బాగున్నాయని రాశారు.